మందు కొట్టని పాదులు

మా హేతువాద సంఘం మిత్రుడొకాయన కిందటి నెల మా ఇంటికి వచ్చాడు. పెరట్లో వేపగింజల పొడి నానబెట్టిన బకెట్టు చూసి, "ఏం గురూ, నువ్వు కూడా గోమూత్రం పార్టీలో చేరిపోయావా?" అన్నాడు. సరదాకే అన్నాడు లెండి. నాలుగేళ్ళ క్రితం అయితే ఆ మాట నేనే అనేవాణ్ణి. అప్పట్లో నా దృష్టిలో సేంద్రియ వ్యవసాయం అంటే జ్యోతిష్యానికి పిన్ని కూతురు. రసాయన మందు అంటే సైన్సు. సేంద్రియం అంటే ఆవు, హోమం, అమావాస్య. లెక్క అంత తేలిగ్గా తేలిపోయేది. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మేముండేది జంషెడ్‌పూర్‌లో గోవింద్‌పూర్. ఇంటి వెనక రెండున్నర సెంట్ల పెరడు. ఎర్ర నేల, వేసవిలో ఇటుకలా గట్టిపడుతుంది. చలికాలం మాత్రం బంగారం. కాలీఫ్లవర్, టమాటా, చిక్కుడు, మెంతికూర ఏది వేస్తే అది వస్తుంది. రిటైరయ్యాక నాకు పెరడే ఆఫీసు. రక్షణ శాఖ లెక్కల్లో జీవితమంతా ఇతరుల ఓచర్లు తిరగేసినవాణ్ణి. ఇప్పుడు ఆకులు తిరగేస్తున్నాను.

చిక్కుడు పెట్టినవాళ్ళకి పేనుబంక గురించి చెప్పక్కర్లేదు. డిసెంబరు వచ్చి చలి ముదిరేసరికి లేత తీగల చివర్లూ, పూల గెలలూ నల్లగా మసి పూసినట్టు అయిపోతాయి. దగ్గరకెళ్ళి చూస్తే ఆ మసి కదులుతూ ఉంటుంది. ఈ జీవికి మగవాటి అవసరం లేదు. ఆడవే గుడ్డు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కంటాయి. ఆ పిల్లలు వారం పది రోజుల్లో తామే తల్లులవుతాయి. చక్రవడ్డీ అంటే ఏమిటో కామర్స్ క్లాసులో కన్నా చిక్కుడు తీగ మీద బాగా అర్థమవుతుంది.

నాలుగేళ్ళ క్రితం ఆ మసి చూసి నాకు కోపం వచ్చింది. బజారుకెళ్ళి ఒక విత్తనాల దుకాణంలో అడిగాను. దుకాణదారు లోపలికెళ్ళి, ఒక పెద్ద డబ్బాలోంచి కొంచెం పాత కూల్‌డ్రింకు సీసాలోకి ఒంపి ఇచ్చాడు. "ఏక్ ఢక్కన్, ఏక్ బాల్టీ" అన్నాడు. ఒక మూత మందు, ఒక బకెట్ నీళ్ళు. పేరేమిటని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. "దవాయి" అన్నాడు, అంతే. మన భాషలోనూ అదే తంటా. విషాన్ని మనం "మందు" అంటాం. పురుగుల మందు. పురుగులకి జబ్బు చేస్తే వేసే మందులా!

సాయంత్రం కొట్టాను. మర్నాడు పొద్దున్నకి పురుగులన్నీ చచ్చి రాలిపోయాయి. సైన్సు గెలిచింది. నేను పేపరు చదువుకుంటున్నాను. మా ఆవిడకి నేను మందు కొట్టిన సంగతి తెలియదు. కాయలు ముదిరిపోతున్నాయని ఓ బుట్టెడు కోసి, సగం మా ఇంట్లో పనిచేసే దీదీకి ఇచ్చేసింది. మేం ఆ రోజు చిక్కుడు వండుకోలేదు.

ఆ రాత్రి దీదీ కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, వాంతులతో, కడుపునొప్పితో, చెమటలు కారుతూ ఆసుపత్రిలో చేరాడు. కబురొస్తే వెళ్ళాను. డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రాడు అడిగిన రెండో ప్రశ్న ఇది: "పురుగుమందు తగిలిన కూరగాయలేమైనా తిన్నాడా?" నాకు చెవుల్లో గంట కొట్టినట్టయింది. తిన్నాడన్నాను. "ఏ మందు?" అన్నాడాయన. స్కూటరు వేసుకుని ఇంటికెళ్ళి సీసా తెచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. నారింజ రంగు పానీయం బొమ్మ తప్ప దాని మీద ఏమీ లేదు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

పిల్లాడు కోలుకున్నాడు. రెండో రోజు ఇంటికి వచ్చేశాడు. ఆ చిక్కుళ్ళ వల్లే జరిగిందని నేను రుజువు చేయలేను. డాక్టరు కూడా కచ్చితంగా చెప్పలేదు. అది వేరే ఏదైనా కల్తీ తిండి కూడా కావచ్చు. ఒక్క ఉదాహరణతో కార్యకారణ సంబంధం తేల్చకూడదని మనం అందరికీ చెబుతాం కదా, అది నాకూ వర్తిస్తుంది. కానీ నా తప్పు రుజువు కావడానికి పిల్లాడి జబ్బు అక్కర్లేదు. ఏ బాబా అయినా విభూతి ఇస్తే "ఇందులో ఏముంది? ఎవరు పరీక్షించారు?" అని నిలదీసేవాణ్ణి, పేరు లేని సీసా పట్టుకొచ్చి తినే కాయ మీద కొట్టాను. ఎందుకు? అది రసాయనం కాబట్టి. రసాయనం సైన్సు కాబట్టి. సైన్సు మన పార్టీ కాబట్టి. నా ఉద్యోగంలో ఓచరు లేకుండా పదిరూపాయలు పాసు చేసిన గుమాస్తాని నేను వదిలిపెట్టలేదు. ఇది ఓచరు లేని విషం.

ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. మన దేశంలో పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అంటే అత్యంత విషం, ఆ తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. కొట్టాక ఎన్నాళ్ళు ఆగి కాయ కోయాలో కూడా రాసి ఉంటుంది. సీసాలోకి ఒంపినప్పుడు ఈ సమాచారమంతా డబ్బా మీదే ఉండిపోతుంది, విషం ఒక్కటే మనింటికి వస్తుంది. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. 2013 జులైలో బీహార్‌లో సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసిన మందు అదే. ఈ వార్త వచ్చినప్పుడు నేను ఆవేశంగా మాట్లాడినవాణ్ణే. నా పెరట్లో సీసా గురించి మాత్రం ఆలోచించలేదు.

దీదీకి నిజం చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. డాక్టరు ముందు నేను తలూపిన సంగతి ఆమెకి తెలీదు, ఆమె లోపల మంచం పక్కన ఉంది. "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని మా ఆవిడ అడిగాక చెప్పాను. ఆమె గిన్నెలు తోముతూ విన్నది. ఏమీ అనలేదు. పని మానలేదు. కానీ ఆ ఏడాదంతా మా ఇంటి నుంచి ఒక్క కాయగూర తీసుకెళ్ళలేదు. ఇస్తే "ఇంట్లో ఉన్నాయి" అనేది.

ఆ తర్వాత రసాయనాలు మానేశాను. మానేస్తే సరిపోతుందా, పేనుబంక మానదు కదా. సలహాలు వచ్చి పడ్డాయి. వరసకి నాకు బావ అయ్యే పెద్దాయన ఒకరు దగ్గర్లోనే ఉంటారు. మంచి మనిషి. పొద్దున్నా సాయంత్రం అగ్నిహోత్రం చేస్తారు. "బావా, ఈ బూడిద గోమూత్రంలో కలిపి కొట్టు, పురుగు నీ గోడ దాటి రాదు" అన్నారు. మా వదిన పచ్చిమిర్చి, వెల్లుల్లి రుబ్బి కొట్టమంది. ఇంకొకరు పులిసిన మజ్జిగ అన్నారు. మరొకరు చంద్రుణ్ణి బట్టి విత్తనం వెయ్యమన్నారు. ఈ చంద్రుడి సేద్యం మన ప్రాచీన సొత్తే అనుకునేవాళ్ళకి ఓ మాట. ఆవు కొమ్ములో పేడ నింపి నేలలో పాతడం, గ్రహాల్ని బట్టి సేద్యం చేయడం అన్న పద్ధతిని బయోడైనమిక్ పేరుతో ఒక సిద్ధాంతంగా చెప్పింది రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆయన, 1924లో, ఐరోపాలో ఇచ్చిన ఉపన్యాసాల్లో.

చిత్రం ఏమిటంటే వీళ్ళందరి మందులూ పనిచేశాయట! ఒక్కరు కూడా పనిచేయలేదని చెప్పలేదు. ఇక్కడే నాకు అనుమానం వచ్చింది. అన్ని తాయెత్తులూ పనిచేస్తున్నాయంటే జ్వరం దానంతటదే తగ్గుతోందని అర్థం. కోవూరుగారిని చదివినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. (అన్నట్టు ఆయన వృత్తిరీత్యా వృక్షశాస్త్రం మాస్టారు.)

అందుకని మరుసటి చలికాలం పద్దు తెరిచాను. చిక్కుడు పన్నెండు పాదులు పెట్టి, మూడేసి చొప్పున నాలుగు జట్లు చేశాను. ఏ పాదు ఏ జట్టో మా ఆవిడ చేత చీటీలు తీయించాను. ఎండ తగిలే పాదులన్నీ నా ఇష్టమైన మందుకే ఇచ్చుకోకుండా ఉండడానికి. ఒక జట్టుకి సబ్బునీళ్ళు. రెండోదానికి వేపగింజల కషాయంలో కాస్త సబ్బు. మూడోదానికి బావగారి గోమూత్రం, బూడిద. నాలుగోదానికి ఏమీ లేదు. పాదులకి రంగు దారాలు కట్టాను. మందు కొట్టనివాటికి తెల్ల దారం. ప్రతి ఆదివారం మా ఆవిడ ఒక్కో పాదులో ఐదు తీగ చివర్లు చూసి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తుంది. ఏ దారం దేనికో ఆమెకి చెప్పలేదు. అయితే ఈ రహస్యం మొదటి వారంలోనే పాక్షికంగా బద్దలైంది. ఆకుపచ్చ దారం దగ్గరకి రాగానే "ఇది బావగారిదండీ" అంది ముక్కు మూసుకుని.

సబ్బునీళ్ళు రెండు రోజుల్లో ఫలితం చూపించాయి. నిజమైన సబ్బు, అంటే నూనెతో చేసినది. లీటరు నీటికి 10 గ్రాముల లోపే. డిటర్జెంటు పొడి వాడితే ఆకు మాడిపోతుంది. మెత్తటి ఒళ్ళున్న పురుగు మీద సబ్బు నేరుగా పడితే దాని పై పొర దెబ్బతిని చస్తుంది. ఆరిపోయాక సబ్బుకి ఏ శక్తీ లేదు. అందుకే ఆకు అడుగున తడిసేలా కొట్టాలి, వారానికోసారి మళ్ళీ కొట్టాలి. వేప కషాయం జట్టు కూడా తగ్గింది, కానీ సబ్బు కన్నా గొప్పగా ఏమీ కాదు. అందులో కూడా సబ్బే పనిచేసిందేమో! బావగారి జట్టుకీ, ఏమీ కొట్టని జట్టుకీ తేడా లేదు. జనవరి నెలాఖరుకి రెండూ సమానంగా నల్లగా ఉన్నాయి.

ఆ తర్వాత నేను ఊహించనిది జరిగింది. ఫిబ్రవరిలో తెల్ల దారం పాదుల మీద కొత్త పురుగులు కనిపించాయి. నల్లగా, నారింజ మచ్చలతో, ముళ్ళ ఒంటితో, చిన్న మొసలి పిల్లల్లా ఉన్నాయి. చేత్తో నలిపేయబోయి, పద్దు గుర్తొచ్చి ఆగాను. ఇది ఏమీ చేయకూడని జట్టు కదా! పుస్తకం తీసి చూస్తే అవి అక్షింతల పురుగు పిల్లలు. ఎర్ర డొప్పల మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు అందరికీ తెలుసు, దాని పిల్ల ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. అది రోజుకి పదుల కొద్దీ పేనుబంక పురుగుల్ని తింటుంది. అంతకుముందు సంవత్సరాల్లో ఇవి కనిపించినప్పుడల్లా "ఇదేదో కొత్త తెగులు" అని నలిపి పారేసింది నేనే. జమలో ఉండాల్సింది ఖర్చులో రాసుకున్నానన్నమాట.

ఫిబ్రవరి ఆఖరుకి పన్నెండు పాదులూ శుభ్రమైపోయాయి. నాలుగు జట్లూ! ఎండ పెరిగింది, అక్షింతల పురుగులు తిన్నాయి, పేనుబంక కాలం అయిపోయింది. కాయ దిగుబడిలో తెల్ల దారం పాదులు కాస్త వెనకబడ్డాయి గానీ, చెప్పుకోదగ్గంత కాదు. పన్నెండు పాదులతో సిద్ధాంతాలు చెప్పకూడదని నాకు తెలుసు. పక్కపక్కనే ఉన్న పాదులు, పురుగులకి దారం రంగు తెలియదు, ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి పోతాయి. అందుకే మరుసటి ఏడాది మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వచ్చింది.

ఆలోచించండి. ఆ తెల్ల దారం జట్టే లేకపోతే నేనేమనేవాణ్ణి? "గోమూత్రం కొట్టాను, ఫిబ్రవరికి పురుగు పోయింది" అని బావగారు సంతోషించేవారు. "వేప కొట్టాను, పోయింది" అని నేను వ్యాసం రాసేవాణ్ణి. సీసా మందు వాడేవాడు కూడా అదే చెబుతాడు. పైగా సీసా మందు పేనుబంకతో పాటు అక్షింతల పురుగుల్నీ చంపుతుంది. చక్రవడ్డీలో పెరిగే పేనుబంక ముందు కోలుకుంటుంది, దాన్ని తినేది నెమ్మదిగా వస్తుంది. ఈలోగా మనం మళ్ళీ మూత విప్పుతాం.

ఈ తినే పురుగుల సంగతి పెరటి ముచ్చట మాత్రమే కాదు. కాలిఫోర్నియాలో నిమ్మ, నారింజ తోటల్ని ఒక రకం పొలుసు పురుగు నాశనం చేస్తుంటే, 1888లో ఆస్ట్రేలియా నుంచి ఒక జాతి అక్షింతల పురుగుల్ని తెప్పించి వదిలారు. ఒకటి రెండేళ్ళలో తోటలు బతికాయి. ఆవు లేదు, మంత్రం లేదు, ఫలానా జీవి ఫలానాదాన్ని తింటుందన్న పరిజ్ఞానం ఉంది.

వేప గురించి అన్యాయం చేయను. పేనుబంక దగ్గర సబ్బుతో సమానమైనా, ఆకు తినే గొంగళి పురుగుల దగ్గర దాని పనితనం చూశాను. వేపగింజలో అజాడిరక్టిన్ అనే పదార్థం ఉంది. 1968లో ఇంగ్లండులో దాన్ని విడదీశారు. అది పురుగుని అక్కడికక్కడే చంపదు. తిండి మీద విరక్తి పుట్టిస్తుంది, కుబుసం విడవడాన్ని చెడగొడుతుంది. అందుకని కొట్టిన మర్నాడు చూసి "పనిచేయలేదు" అనుకోకూడదు. లీటరుకి 50 గ్రాముల గింజపప్పు పొడి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం కొట్టాలి. ఎండకి అజాడిరక్టిన్ విరిగిపోతుంది. పాత గింజలో, బూజు పట్టిన గింజలో సరుకుండదు. వేప మీద అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖా, ఒక కంపెనీ కలిసి ఐరోపాలో తీసుకున్న పేటెంటు 2000లో రద్దయి, 2005లో అప్పీలులో కూడా ఓడిపోయింది. అది ముందే తెలిసిన విద్య అన్నది ప్రధాన కారణం. ఇది చెప్పగానే మన వేదాల్లో అన్నీ ఉన్నాయని లేచేవాళ్ళున్నారు. పేటెంటు కొట్టేయించింది వేదాలు కాదండీ, రైతుల వాడకం, దాని రుజువులు.

ప్రకృతిసిద్ధం కాబట్టి హాని చెయ్యదనే నమ్మకం కూడా నాకు ఓసారి పాఠం చెప్పింది. ఇక్కడ ఖైనీ ఆకు చవక. పొగాకు కషాయం పెట్టి, చేతి తొడుగుల్లేకుండా పిసికి వడగట్టాను. గంటలో తల తిరిగి, వికారం పెట్టి మంచమెక్కాను. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. అది ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టలేదు, మొక్కలోనే పుట్టింది, అయినా గట్టి విషం. పైగా పొగాకుకి వచ్చే వైరస్ తెగులు టమాటాకి కూడా అంటుకోవచ్చు. ఆ బకెట్టు అంతటితో సరి.

బీర, కాకర, సొర కాయల్ని పాడుచేసే పండు ఈగ దగ్గర కషాయాలేవీ పనికిరావు. ఈగ కాయలో గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు లోపల ఉంటుంది, మనం పైన కొట్టేది దానికేం తెలుస్తుంది? పిందెకి కాగితం సంచో, పాత చీర ముక్కో కట్టాను. అంతే! రాలిన పుచ్చు కాయల్ని పెరట్లో వదలకుండా మూతపెట్టిన డబ్బాలో వేసి ఎండకి పెట్టాను, ఎందుకంటే వాటిలోని పురుగు నేలలోకి దిగి మళ్ళీ ఈగగా వస్తుంది. క్యూ-ల్యూర్ అనే వాసన బిళ్ళ పెట్టిన డబ్బాలో మగ ఈగలు పడతాయి. జామ, మామిడి మీద వాలే ఈగలకి మిథైల్ యూజెనాల్ కావాలి. అది తులసి ఆకులో కూడా ఉంటుంది. తులసికోట చుట్టూ తిరిగే భక్తుల్లో మగ పండు ఈగలు కూడా ఉన్నాయని చెబితే మా వదిన రెండు రోజులు మాట్లాడలేదు.

ఓడిపోయింది వంకాయ దగ్గర. కొమ్మ, కాయ తొలిచే పురుగు. వేప, సబ్బు, దండం, దస్కం ఏదీ లాభం లేదు. వాడిన కొమ్మ చివరలు తుంచి పారేయడం, దోమతెర కట్టడం కొంత నయం. మన సంఘంలో గొడవ వచ్చే చోటు కూడా ఇదే. బీటీ అనే బాక్టీరియాని జర్మనీలో తురింగియా ప్రాంతంలో 1911లో గుర్తించి దానికి ఆ ప్రాంతం పేరు పెట్టారు. అంతకు పదేళ్ళ ముందే జపాన్‌లో పట్టుపురుగుల రోగంలో చూశారు. ఆ బాక్టీరియా పొడిని నీళ్ళలో కలిపి కొడితే సేంద్రియం. దాని ప్రోటీన్‌నే మొక్క తయారుచేసుకునేలా జన్యువు మారిస్తే అపచారం. బీటీ వంకాయని మన దేశంలో 2010 ఫిబ్రవరిలో జైరాం రమేష్ ఆపారు. బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది, అక్కడ రైతులు పండిస్తున్నారు. విత్తనం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న న్యాయమైనదే, దాని మీద నేనూ పోట్లాడతాను. కానీ "అది సహజం కాదు" అన్న వాదన నాకు రుచించదు. పొగాకు సహజమే మరి.

ఎర్రచీమల సంగతి చెప్పాలి. మా మామిడి చెట్టు మీద ఆకుల్ని కుట్టి గూళ్ళు కట్టుకునే ఎర్రచీమలు చేరాయి. కుడితే ప్రాణం లేచొస్తుంది. గూళ్ళు కాల్చేద్దామని కర్రకి గుడ్డ చుడుతుంటే దీదీ, "వద్దు బాబూ, అవి ఉన్న చెట్టుకి పురుగు పట్టదు. మా ఊళ్ళో తీయం. తీసినా తినడానికే తీస్తాం" అంది. వాటితో చేసే పచ్చడిని ఇక్కడి ఆదివాసులు డెమ్టా అంటారు. పక్కనే ఉన్న ఒడిశా మయూర్‌భంజ్ వైపు దాన్నే కాయి చట్నీ అంటారు, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నమ్మకమేనేమో అనుకుని వెతికాను. చైనాలో క్రీ.శ. 304 నాటిదని చెప్పే ఒక గ్రంథంలో, నారింజ తోటల కోసం ఈ చీమల గూళ్ళని సంతలో అమ్మేవారని రాసి ఉందట. పురుగుల్ని పురుగులతో అదుపు చేయడం గురించి దొరికిన అతి పాత లిఖిత ఆధారాల్లో అది ఒకటి. ఆమె మాట మూఢనమ్మకం అవుతుందని నేనెందుకు అనుకున్నాను? చెప్పింది ఎవరు అన్నది చూశాను కాబట్టి. అయితే ఇదే చీమ పిండినల్లిని, పేనుబంకని వాటి తీపి రసం కోసం కాపలా కాస్తుంది కూడా. మామిడి మీద మిత్రుడు, చిక్కుడు మీద శత్రువు.

దిష్టిబొమ్మ మాత్రం తీసేశాను. మా ఆవిడ కుండకి సున్నం బొట్లు పెట్టి టమాటా మడిలో నిలబెట్టింది. పురుగుల్ని తినే పిట్టలు దాన్ని చూసి బెదిరితే నష్టం మనకే అని చెప్పి, కుండ దించి అడ్డకర్ర ఉంచేశాను. ఇప్పుడు దాని మీద గోరువంకలూ, తోక చీలిన నల్లపిట్టా వాలి కాయతొలిచే శనగపచ్చ పురుగుల్ని ఏరుకుంటున్నాయి. "దిష్టి తగిలితే మీదే పూచీ" అంది. సరేనన్నాను.

రెండున్నర సెంట్ల అనుభవంతో దేశానికి సలహా చెప్పను. పొలం లెక్క వేరు. 2021లో శ్రీలంక రాత్రికి రాత్రి రసాయన ఎరువులూ, మందులూ ఆపేసి, కొన్ని నెలలకే వెనక్కి తగ్గింది. అలాగని పొలంలో అసాధ్యమనీ కాదు. అప్పటి ఖమ్మం జిల్లాలో పాల్వంచ దగ్గర పునుకుల గ్రామం పత్తికి మందులు కొట్టి అప్పులపాలైన ఊరు. అక్కడి రైతులు వేప కషాయం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు, జిగురు పూసిన పసుపు అట్టలతో మొదలుపెట్టి 2004 నాటికి పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకున్నారు. వేపగింజలు ఏరి పొడిచేయడం ఆడవాళ్ళకి పని అయింది. 2004-05లో స్వయం సహాయక సంఘాల ద్వారా ఈ పద్ధతుల్ని ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించారు. ఆ ఊరివాళ్ళు చేసిన దాంట్లో ఏది ఎంత పనిచేసిందో విడివిడిగా తేల్చడం శాస్త్రవేత్తల పని. మందు మానినా పత్తి పోలేదన్నది రైతులే తేల్చుకున్నారు.

బావగారికి పద్దు చూపించాను. ఓపిగ్గా చూశారు. "నువ్వు నమ్మకంతో కొట్టలేదు బావా, అందుకే" అన్నారు. ఈసారి ఆయన చేత్తోనే, ఆయన నమ్మకంతోనే కొట్టమన్నాను. ఒప్పుకున్నారు. మూడు పాదులు ఆయనవి. దారం రంగు కూడా ఆయనే ఎంచుకున్నారు, కాషాయం.

ఆ సీసా ఇంకా నా దగ్గరే ఉంది. కాలవలో ఒంపితే ఎక్కడో సువర్ణరేఖలో కలుస్తుంది. పాతిపెడితే నా బావిలోకి దిగుతుంది. ఎవరికి అప్పజెప్పాలో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. సీసాకి నేనే చీటీ అంటించాను: "విషం. పేరు తెలియదు. కొన్న తేదీ." వోచరు ఉండాలి కదా.

మొన్న ఆదివారం దీదీ చిక్కుడు పాదుల దగ్గర నిలబడి, "ఏ దారానికి ఏం కొట్టారు బాబూ?" అంది. చెప్పాను. సబ్బు, వేప, గోమూత్రం, తెల్ల దారానికి ఏమీ లేదు. మా ఆవిడ బుట్ట ఇచ్చింది. ఆమె మిగతావన్నీ దాటుకుంటూ వెళ్ళి, తెల్ల దారం పాదులకే కోసుకుంది. అక్కడక్కడా పేనుబంక అంటిన కాయలు కూడా ఉన్నాయి. కొళాయి కింద కడుక్కుని, కొంగులో కట్టుకుని వెళ్ళింది.